హత్య సీన్‌లో ప్రేమ పాట: క్రైమ్ సినిమాలో సోల్ సంగీతం వాడటానికి ఒక సమగ్ర మార్గదర్శి

నెత్తురు సీన్ మీద తియ్యటి పాట వేస్తే చాలు, సీన్ అదిరిపోతుందన్న నమ్మకం ఎడిట్ రూముల్లో గట్టిగా పాతుకుపోయింది. ముప్పై ఏళ్ల కిందట అది నిజమే. ఇప్పుడు ఓటీటీలో ఏ క్రైమ్ సిరీస్ తెరిచినా ఎవడో ఒకడు పాత పాటకి చిటికెలేస్తూ గొంతు కోస్తున్నాడు. పాట మొదలవగానే చూసేవాడికి అర్థమైపోతోంది, ఎవడికో మూడిందని. ఉలిక్కిపడేలా చేయడానికి వేసిన పాటే ముందు హెచ్చరికగా మారిపోయింది.

అయినా కొన్ని సీన్లు ఇప్పటికీ పాతబడలేదు. 'మీన్ స్ట్రీట్స్' (1973)లో పూల్ హాల్ కొట్లాట, 'జాకీ బ్రౌన్' (1997)లో కారు డిక్కీ సీన్, 'కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ' (2012)లో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర హత్య. వీటిని వరసబెట్టి చూస్తే వైరుధ్యం ఒక్కటే పని చేయలేదని తెలుస్తుంది. ఆ పాటల్లో చాలావాటికి సీన్ లోపలే ఒక సొంతదారు ఉంటాడు. అది ఎవరి కారులోదో, ఎవరి బార్‌లోదో మనకి తెలుస్తుంది. రెండోది, అక్కడ జరగబోయేది ఆ పాటకి ఏమాత్రం తెలియదు. అది తన మానాన తను ఎవరినో ప్రేమగా బతిమాలుకుంటూ ఉంటుంది.

షార్ట్ ఫిల్మో, వెబ్ సిరీసో తీస్తున్నవాళ్ల కోసం ఈ రెండు సంగతులూ పట్టుకుని, స్క్రిప్ట్ నుంచి మిక్సింగ్ దాకా ఏం చేయాలో వరసగా రాస్తున్నాను.

1. ముందు చెవి తయారు చేసుకోండి

సోల్ అంటే ఏదో పాత ఇంగ్లీషు మెలొడీ అనుకుంటే ఎంపిక దగ్గరే దెబ్బతింటాం. అమెరికాలో నల్లజాతివారి చర్చిల్లో దేవుణ్ని వేడుకుంటూ పాడే గాస్పెల్ తీరు, బయట క్లబ్బుల్లో వినిపించే రిథమ్ అండ్ బ్లూస్ కలిసి, 1950ల్లో రే చార్ల్స్, శామ్ కుక్ లాంటివాళ్ల గొంతుల్లో రూపం కట్టిన సంగీతం ఇది. దేవుడి ముందు మోకరిల్లిన గొంతే ప్రియురాలి ముందు మోకరిల్లుతుంది. గాయకుడు ఆల్ గ్రీన్ అయితే పేరు వెలిగిపోతున్న రోజుల్లోనే, 1976లో, మెంఫిస్‌లో సొంత చర్చి పెట్టుకుని పాస్టర్ అయ్యాడు.

ఎడిటర్‌కి ఈ చరిత్రతో పనేమిటంటారా? సోల్ గొంతులో ఎప్పుడూ ఒక వేడుకోలు ఉంటుంది. ఆ వేడుకోలు దాదాపు ప్రతిసారీ ఎదురుగా ఉన్న ఒక 'నువ్వు'ని ఉద్దేశించి ఉంటుంది. తెర మీద ఒకడు చావబోతుంటే ఆ 'నువ్వు' ఎవరి మీద పడుతుందనేది మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం. రాక్ పాటకి ఇంత లొంగుబాటు ఉండదు. జాజ్ ముక్కలో చాలాసార్లు మాటలే ఉండవు.

ఊరిని బట్టి సౌండ్ మారుతుంది. 1959లో బెర్రీ గోర్డీ డెట్రాయిట్‌లో మొదలుపెట్టిన మోటౌన్ రికార్డు కంపెనీ పాటలు చిన్నవి, చురుకైనవి. చప్పట్లు, తాంబురిన్, వెనక అమ్మాయిల కోరస్. గొడవలు, తోపులాటలు, ఎక్కువ మంది ఉన్న సీన్లకి ఇవి సరిపోతాయి. మెంఫిస్ సౌండ్ ఖాళీగా ఉంటుంది. డ్రమ్ము, బేస్ గిటార్, ఆర్గాన్, పొదుపుగా హార్న్స్ (ట్రంపెట్, శాక్సఫోన్ లాంటి ఊదే వాయిద్యాలు). స్టాక్స్ రికార్డు కంపెనీ స్టూడియో, ఆల్ గ్రీన్ పాడిన రాయల్ స్టూడియో రెండూ ఒకప్పటి సినిమా హాళ్లే. కుర్చీలు తీసేసినా నేల ఏటవాలుగానే ఉండిపోయింది. ఆ గదుల గాలి రికార్డుల్లో వినిపిస్తుందని సౌండ్ వాళ్లు ఇప్పటికీ చెబుతారు. బెదిరింపులకి, నిదానంగా మాట్లాడే దుర్మార్గులకి మెంఫిస్ పాట బాగా కుదురుతుంది. ఫిలడెల్ఫియా పాటలో వయొలిన్లు, ఫ్రెంచ్ హార్న్ ఉంటాయి, పట్టు చీరలా జారుతుంది. షికాగో అంటే కర్టిస్ మేఫీల్డ్. సన్నటి కీచుగొంతుతో కత్తిలాంటి మాటలు అంటాడు.

ప్రతి పాటనీ మూడు విధాలుగా వినండి. ఒకసారి మాటల కోసం. ఒకసారి బేస్, డ్రమ్ము మాత్రమే పట్టుకుని. ఇంకోసారి ఏమీ వాయించని ఖాళీలు ఎక్కడున్నాయో రాసుకుంటూ. మూడోదే ఎక్కువ పనికొస్తుంది, దాని సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

ఒక చిన్న పక్కదారి. క్రైమ్ సినిమాలో సోల్ ఎప్పుడూ వింత కాదు. 1971లో 'షాఫ్ట్'కి ఐజాక్ హేస్, 1972లో 'సూపర్ ఫ్లై'కి కర్టిస్ మేఫీల్డ్, 'అక్రాస్ 110త్ స్ట్రీట్'కి బాబీ వోమాక్. ఇవన్నీ ఆ వీధుల్లోంచే పుట్టిన పాటలు. 'సూపర్ ఫ్లై' సంగతి మరీ ముచ్చటైనది. తెర మీద కొకైన్ అమ్మేవాడు హీరోలా మెరిసిపోతుంటాడు, మేఫీల్డ్ పాట మాత్రం ఆ వ్యాపారం ఎవరిని మింగేస్తోందో చెబుతూ ఉంటుంది. సినిమా చూస్తే కొకైన్‌కి ప్రకటనలా ఉందని అతనే అన్నాడు, అందుకే పాటల్లో దానికి ఎదురు చెప్పాడు. అంటే పాట బొమ్మతో గొడవ పెట్టుకోవడం ఈ సంప్రదాయంలో మొదటినుంచీ ఉంది. సోల్‌ని వింత వస్తువులా పైనుంచి అతికించే అలవాటు తర్వాత వచ్చింది.

2. పాట పట్టే సీన్ ఏదో తేల్చుకోండి

అన్ని సీన్లకీ పాట పట్టదు. ఛేజ్‌కి వద్దు. మొదటిసారి రహస్యం బయటపడే సీన్‌కి వద్దు, చూసేవాడి బుర్ర అక్కడ వేరే పనిలో ఉంటుంది.

జరగబోయేది ఖాయమైపోయి, ఆ సంగతి ఒకడికి తెలిసి ఇంకొకడికి తెలియని సీన్ వెతకండి. పాట ఆ మధ్యలో నిలబడుతుంది. అందరికీ తెలిసిన తర్వాత వేస్తే అది వెక్కిరింత. ఎవరికీ తెలియకముందే వేస్తే ఊరికే వాతావరణం.

డైలాగ్ ఎక్కువున్న సీన్‌కి గాయకుడి గొంతు అడ్డం పడుతుంది, మామూలుగా వద్దనే అంటాను. మినహాయింపు చూడాలంటే 'పల్ప్ ఫిక్షన్' (1994)లో బార్ సీన్ ఉంది. బాక్సర్ బుచ్ ముఖం ఎర్రటి వెలుగులో కదలకుండా ఉంటుంది. ఎదురుగా ఉన్న గ్యాంగ్‌స్టర్ మార్సెలస్ వాలెస్ కనబడడు, ఆ తర్వాత కూడా మెడ వెనక అతికించిన బ్యాండ్ ఎయిడ్ మాత్రమే కనబడుతుంది. బాక్సింగ్ పోటీలో కావాలని ఓడిపొమ్మని మార్సెలస్ నెమ్మదిగా చెబుతుంటాడు. వెనక ఆల్ గ్రీన్ 'లెట్స్ స్టే టుగెదర్'. మార్సెలస్ గొంతు లోతుగా, కింది శ్రుతిలో ఉంటుంది. ఆల్ గ్రీన్ పైన ఎక్కడో గాలిలో తేలుతుంటాడు. ఇద్దరూ ఒకరి చోటులోకి ఒకరు రారు, అందుకే మాట ఒక్కటి కూడా పోదు. పైగా ఎప్పటికీ కలిసుందామని పాట అంటుంటే, ఇద్దరి మధ్య కుదురుతున్నది ద్రోహంతో ముగియబోయే ఒప్పందం. సినిమాలో ఎవరూ ఆ పాట గురించి నోరెత్తరు. బార్‌లో పాట మోగుతోంది, అంతే.

మీ సీన్‌లో డైలాగ్ తప్పదనుకుంటే నటుడి గొంతు, గాయకుడి గొంతు పక్కపక్కన పెట్టి వినండి. ఒకే శ్రుతిలో కొట్టుకుంటుంటే పాట ఎంత గొప్పదైనా తీసేయండి.

3. పాట ఎవరిదో స్క్రిప్ట్‌లోనే రాసుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా టైమ్‌లైన్ మీద పాట పడేస్తారు.

'జాకీ బ్రౌన్'లో డెల్ఫానిక్స్ అనే సోల్ బృందం పాట ప్రయాణం చూడండి. జాకీ చిన్న విమాన కంపెనీలో పనిచేసే ఎయిర్ హోస్టెస్, నడివయసు, డబ్బు అక్రమంగా మోస్తూ పట్టుబడింది. ఆమెని బెయిల్ మీద విడిపించిన మ్యాక్స్ చెర్రీ పొద్దున్నే ఆమె ఇంటికి వస్తాడు. ఆమె గ్రామఫోన్ మీద రికార్డు పెడుతుంది. 1970 నాటి 'డిడ్న్ట్ ఐ'. ఎవరిదీ పాట అని అడుగుతాడు. ఇంకా ఎల్‌పీ రికార్డులేనా, సీడీలు కొనలేదా అంటాడు. ఇన్ని రికార్డులు పోగేశాక మళ్లీ మొదటినుంచి కొనేంత స్థోమత లేదంటుంది. ఆ ఒక్క జవాబులో ఆమె జీతం, వయసు, మొండితనం అన్నీ వచ్చేశాయి.

తర్వాత మ్యాక్స్ షాపుకెళ్లి డెల్ఫానిక్స్ క్యాసెట్ కొనుక్కుంటాడు. కారులో వింటాడు. ఐ లవ్ యూ అన్న మాట సినిమా అంతటా అతని నోట రాదు, ఆ క్యాసెట్టే ఆ పని చేసి పెడుతుంది. చివరికి తుపాకుల వ్యాపారి ఆర్డెల్ అదే కారులో కూర్చున్నప్పుడు క్యాసెట్ మోగుతుంది. నీకు డెల్ఫానిక్స్ ఇష్టమని తెలియదే అని ఆశ్చర్యపోతాడు ఆర్డెల్. ఆ ప్రయాణం అతని చావు దగ్గరికి. మనకి తెలుసు, మ్యాక్స్‌కి తెలుసు, ఆర్డెల్‌కి తెలియదు. ఆ పాట ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా ఆర్డెల్‌కి తెలియదు. తెలిస్తే మ్యాక్స్ ఎవరి పక్షమో ఇట్టే పట్టేసేవాడు. తియ్యటి పాట ఇక్కడ కథలో సాక్ష్యంగా మారింది, కేవలం అలంకారం కాదు.

మీ స్క్రిప్ట్‌లో ఇలా రాసుకోండి. ఈ పాట ఎవరు పెట్టారు? దేంట్లోంచి వస్తోంది, కారు స్టీరియోనా, ఫోనా, పక్కింటి టీవీనా? ఎవరికి ఇష్టం, ఎవరికి చిరాకు? ఎవరు ఆపుతారు? నాలుగింటికీ జవాబు రాయలేకపోతే ఆ పాట ఇంకా మీ కథలోకి రాలేదన్నమాట.

మరి మన కథల్లో? విజయవాడలో నడిచే సీన్‌లో రౌడీషీటర్ కారులో ఆల్ గ్రీన్ మోగిస్తే జనం నవ్వుతారు, నవ్వాలి కూడా. అతని కారులో ఏం ఉంటుందో అదే ఉండాలి, అతని వయసుని బట్టి సుశీల గొంతో, ఘంటసాల గొంతో. పద్ధతి అదే, పాట మారుతుంది. మెంఫిస్‌లోనో అట్లాంటాలోనో నైట్ షిఫ్ట్ చేసే తెలుగు కుర్రాడి కథ అయితే అప్పుడు దర్జాగా సోల్ వాడుకోవచ్చు. గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక పాత పాటల రేడియో ఉంటే చాలు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

4. పాట ఎంచుకోవడం

'మీన్ స్ట్రీట్స్'లో కొట్లాట వెనక మార్వెలెట్స్ పాడిన 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్' (1961). ప్రియుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందేమో చూడమని పోస్ట్‌మన్‌ని బతిమాలే అమ్మాయి పాట. 'కిల్లింగ్ దెమ్ సాఫ్ట్‌లీ'లో కెటీ లెస్టర్ పాడిన 'లవ్ లెటర్స్' (1962). 'జాకీ బ్రౌన్' డిక్కీ సీన్‌లో బ్రదర్స్ జాన్సన్ వాళ్ల 'స్ట్రాబెర్రీ లెటర్ 23' (1977). మూడూ ఉత్తరాల పాటలే! కాకతాళీయమే అయుండొచ్చు. కానీ ఆలోచిస్తే ఉత్తరం పాటలో పాడే మనిషి ఎక్కడో దూరంగా ఉంటుంది. తన ఎదురుచూపు తప్ప ఇంకేం తెలియదు. క్రైమ్ సీన్‌కి కావలసిన అమాయకత్వం సరిగ్గా అదే.

ఎంపికలో మొదటి వడపోత ఇదే. చావు, తుపాకీ, పారిపోవడం, పాపం, ఇవేవీ పాట మాటల్లో ఉండకూడదు. కత్తి సీన్‌కి గుండె కోసేశావని ఉన్న పాట పెడితే చూసేవాడు పద వినోదం ఆడుకుంటాడు, భయపడడు.

రెండోది వాయిద్యాల మధ్య ఖాళీ. కెటీ లెస్టర్ పాట ఇక్కడ పాఠం లాంటిది. బ్రాడ్ పిట్ పాత్ర పక్క కారులోంచి రే లియోటా పాత్రని కాలుస్తుంది. రాత్రి, వాన, సిగ్నల్ దగ్గర ఆగిన కారు. అంతా స్లో మోషన్. అద్దం ముక్కలు, వాన చుక్కలు, ఖాళీ తూటా తొడుగులు గాలిలో తేలుతుంటాయి. పాటలో ఉన్నదల్లా మెట్లు దిగుతున్నట్టుండే పియానో ముక్క, పొదుపుగా ఇంకో రెండు వాయిద్యాలు, తొందర లేని గొంతు. ఆమె ఒక మాట పాడి ఆగినచోటల్లా గాజు పగిలే చప్పుడుకి చోటు దొరుకుతుంది. అదే చోట పెద్ద ఆర్కెస్ట్రా ఉన్న ఫిలడెల్ఫియా పాట వేసి ఉంటే గాజు వినబడేది కాదు, సీన్ ఒక ప్రకటనలా మెరిసి పోయేది. మీరు ఖాళీలు రాసుకున్న కాగితం ఇక్కడ తీయండి. సీన్‌లో తప్పక వినబడాల్సిన శబ్దాలు ఎన్ని ఉన్నాయో, పాటలో కనీసం అన్ని ఖాళీలు ఉండాలి.

ఈ సీన్ ఒక్కటే నా మొదటి సూత్రాన్ని కాస్త వంచుతుంది. పాట కారు రేడియోలోదా, పైనుంచి వచ్చిందా అన్నది అక్కడ తేల్చరు. వాన, స్లో మోషన్ కలిసి లోకాన్నే కలలా చేసేశాయి కాబట్టి చెల్లింది. మామూలు వేగంలో తీసిన సీన్‌కి ఈ వెసులుబాటు ఉంటుందని ఆశపడకండి.

మూడోది కాలం. 'గుడ్‌ఫెల్లాస్' (1990)లో దర్శకుడు స్కోర్సెసీ ఒక నియమం పెట్టుకున్నాడు. సీన్ ఏ ఏడాదిలో జరుగుతోందో అప్పటికి వచ్చిన పాటలే వాడాలి, తర్వాతవి వాడకూడదు. పాత పాట కొత్త కాలంలో మోగొచ్చు, ఎదురు మాత్రం కుదరదు. ఇరవై, ముప్పై ఏళ్లు కథ నడిపేవాళ్లకి ఇంతకంటే చవకైన ఆర్ట్ డైరెక్షన్ లేదు.

ఇక అందరికీ తెలిసిన పాటా, తెలియనిదా అన్న ప్రశ్న. నా ఓటు రెండోదానికే. బాగా తెలిసిన పాట తన జ్ఞాపకాలన్నీ మోసుకొస్తుంది, ఇంకో సినిమాలో చూసిన సీన్‌తో సహా.

5. షూటింగ్‌లో

పాటని సెట్‌కి తీసుకెళ్లండి. 'గుడ్‌ఫెల్లాస్'లో శవాలు ఒక్కొక్కటిగా బయటపడే సీన్ తీసేటప్పుడు 'లైలా' అనే రాక్ పాటలోని పియానో ముక్క సెట్‌లో ప్లే చేసి కెమెరా కదిపారు. అది సోల్ కాదు గానీ నేర్చుకోవాల్సిన పద్ధతి. ట్రాలీ తోసేవాడికి, జూమ్ పట్టేవాడికి పాట వేగం ఒంట్లోకి ఎక్కాలి.

డైలాగ్ ఉన్న షాట్‌లో మాత్రం టేక్‌కి ముందు పాట వినిపించి, యాక్షన్ అనగానే ఆపేయండి. వెనక పాట మోగుతుండగా డైలాగ్ రికార్డ్ అయితే ఆ రెండింటినీ తర్వాత విడదీయలేరు, ప్రతి కట్ దగ్గరా పాట గెంతుతుంది.

కట్‌లు తక్కువ వచ్చేలా షాట్ ప్లాన్ చేసుకోండి. డిక్కీ సీన్ దీనికి మంచి ఉదాహరణ. ఆర్డెల్ తన మనిషి బోమాంట్‌ని నచ్చజెప్పి, పని అయ్యాక చికెన్, వాఫుల్స్ తినిపిస్తానని ఆశ పెట్టి, డిక్కీలో పడుకోబెడతాడు. కారెక్కి చేతులకి తొడుగులు వేసుకుంటాడు. తాళం తిప్పగానే స్టీరియోలో 'స్ట్రాబెర్రీ లెటర్ 23' అందుకుంటుంది. కారు కదిలి దూరమవుతుంది, కెమెరా దాని వెంట వెళ్లదు. నెమ్మదిగా పైకి లేస్తుంది. కారుతో పాటు పాట కూడా సన్నబడిపోతుంది. చుట్టు తిరిగి కారు ఖాళీ స్థలంలోకి వస్తుంది, పాట మళ్లీ లీలగా వినబడుతుంది. ఆర్డెల్ దిగి డిక్కీ తెరుస్తాడు, కాలుస్తాడు. ఇదంతా మనకి బొమ్మ కారంత దూరంలో. నెత్తురు కనబడదు. పాట తగ్గి పెరిగిన తీరుతోనే దూరం, సమయం, నిర్ణయం మూడూ చెప్పేశారు. కట్ చేసి దగ్గరికి వెళ్లి ఉంటే ఇదొక మామూలు హత్య.

క్రేన్ లేకపోతే మేడ మీదనుంచి తీయండి. దూరం ముఖ్యం, పరికరం కాదు.

6. ఎడిట్ టేబుల్ దగ్గర

పాటని సీన్ మొదటి ఫ్రేమ్‌తో మొదలుపెట్టొద్దు. ఎవరో మొదలుపెట్టాలి. తాళం తిప్పడం, ముల్లు రికార్డు మీద పడటం, తలుపు తెరిచి బార్‌లోకి అడుగుపెట్టడం. లేదా పాట మధ్యలోకి మనమే వెళ్లాలి, మనం రాకముందు నుంచే మోగుతున్నట్టు. రెండోది చెవికి ఇంకా నమ్మకంగా ఉంటుంది, ఎందుకంటే మన కోసం ఎవరూ పాటని రివైండ్ చేసి పెట్టరు కదా.

డ్రమ్ము దెబ్బ మీద కట్ చేయడం చేతికి అలవాటైపోయిన రోగం. టైమ్‌లైన్ మీద బీట్ మార్కర్లు కనబడితే చెయ్యి ఊరుకోదు. వేవ్‌ఫామ్ (శబ్దం గీతలు) దాచేసి, బొమ్మ చూస్తూ కట్ చేయండి. తూటా చప్పుడు స్నేర్ డ్రమ్ము దెబ్బ మీద పడితే పాటకి హత్య సంగతి తెలిసిపోయినట్టే, అది మ్యూజిక్ వీడియో అవుతుంది. దెబ్బలు బీట్‌కి కాస్త అటూ ఇటూ పడాలి.

'మీన్ స్ట్రీట్స్' కొట్లాటలో ఈ లెక్కలేనితనం కనబడుతుంది. ఎవడో 'మూక్' అని తిడతాడు. ఆ తిట్టుకి అర్థం అక్కడ ఎవరికీ తెలియదు, అయినా కొట్టుకుంటారు. చేత్తో పట్టుకున్న కెమెరా వాళ్ల వెనక పరిగెడుతుంటుంది, జానీ బాయ్ అనే కుర్రాడు పూల్ టేబుల్ ఎక్కి కర్ర తిప్పుతుంటాడు. ఒక్క గుద్దు కూడా పాటతో తాళం కలపదు. మోటౌన్‌కి బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి నంబర్ వన్ తెచ్చిన పాట అది. దాని డ్రమ్స్ వెనక కూర్చున్నది అప్పటికి ఎవరికీ తెలియని మార్విన్ గే. అంత పక్కాగా నడిచే తాళం ముందు ఈ మొగాళ్లు ఎంత చేతకాని కొట్లాట కొట్టుకుంటున్నారో ఇట్టే బయటపడుతుంది. చూస్తే నవ్వొస్తుంది, నవ్వాక కాస్త భయమేస్తుంది.

పాట ఆపడం మొదలుపెట్టడం కంటే కష్టం. ఫేడ్ అవుట్ వద్దు. ఎవరైనా ఆపాలి, లేదా మనం ఆ చోటు వదిలి వెళ్లాలి, లేదా పని అయిపోయాక కూడా పాట మిగిలిన చరణం పాడుకుంటూ పోవాలి. మూడోదాంట్లో నటుడికి పని దొరుకుతుంది. చంపినవాడు పాట పూర్తయ్యేదాకా కారులో ఊరికే కూర్చుంటే వాడి గురించి రెండు పేజీల డైలాగ్ రాయక్కర్లేకుండా పోతుంది.

ఎడిట్ లాక్ చేసే ముందు ఒక పరీక్ష పెట్టండి. పాట తీసేసి, వట్టి ఆంబియెన్స్‌తో (చుట్టుపక్కల చప్పుళ్లతో) సీన్ చూడండి. సీన్ నిలబడకపోతే లోపం సీన్‌లో ఉంది, పాట దాన్ని కప్పుతోంది. తర్వాత అదే వేగంలో ఉన్న ఇంకో సోల్ పాట వేసి చూడండి. ఏ తేడా రాకపోతే మీ ఎంపిక ఇంకా కుదరలేదు.

7. మిక్సింగ్

ఇంటర్నెట్ నుంచి దించిన పాట స్టీరియోలో, శుభ్రంగా ఉంటుంది. దాన్ని అలాగే వేస్తే రీరికార్డింగ్‌లా (నేపథ్య సంగీతంలా) పైన తేలుతుంది, గదిలోకి దిగదు.

1973లో 'అమెరికన్ గ్రాఫిటీ'కి సౌండ్ డిజైనర్ వాల్టర్ మర్చ్ చేసిన పని ఇప్పటికీ మనకి అందుబాటులో ఉంది. పాటల్ని ఆరుబయట స్పీకర్‌లో మోగించి, దూరంగా మైకు పట్టుకుని, స్పీకర్‌నీ మైకునీ అటూ ఇటూ తిప్పుతూ మళ్లీ రికార్డ్ చేశారు. ఆ రికార్డింగ్‌ని అసలు పాటతో కలిపి కావలసినంత దూరం తెచ్చుకున్నారు. మీకు కావలసింది బ్లూటూత్ స్పీకర్, ఫోను. సీన్ బాత్రూమ్ పక్క గదిలో ఉంటే పాట బాత్రూమ్‌లో మోగించి, తలుపు ఓరగా వేసి రికార్డ్ చేయండి. కారు బయట నిలబడ్డ మనిషి వినేది కావాలంటే నిజంగానే కారు అద్దాలు ఎక్కించి బయటినుంచి పట్టండి. బేస్ మాత్రమే గోడ కొట్టినట్టు వస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌లో చేయాలంటే పాత రేడియో కోసం కింది, పై ఫ్రీక్వెన్సీలు రెండూ కోసి మధ్యది ఉంచాలి, కారు బయటికైతే పైవన్నీ కోసి కిందివి ఉంచాలి.

'రిజర్వాయర్ డాగ్స్' (1992)లో చెవి కోసే సీన్ పాట సోల్ కాదు, కానీ ఈ విషయంలో దాన్ని మించిన పాఠం లేదు. రేడియో పెట్టి పని మొదలుపెట్టినవాడు పెట్రోలు డబ్బా కోసం గోడౌన్ బయటికి నడుస్తాడు. తలుపు దాటగానే పాట మాయమై పగటి వీధి చప్పుళ్లు వస్తాయి. మళ్లీ లోపలికి అడుగుపెట్టగానే పాట అదే జోరులో ఉంటుంది. లోపల మనిషి నెత్తురోడుతున్నంతసేపూ బయట ప్రపంచం మామూలుగానే ఉందని ఆ కొద్ది క్షణాల నిశ్శబ్దమే చెప్పింది.

8. హక్కులు

ఏడు సెకన్లు, పది సెకన్లు వాడితే కేసు ఉండదన్నది వట్టి మాట. ఒక పాటకి రెండు హక్కులు ఉంటాయి. బాణీ, సాహిత్యం పబ్లిషర్ దగ్గర ఉంటాయి, వాటిని బొమ్మతో జోడించడానికి సింక్ లైసెన్స్ కావాలి. మీరు విన్న ఆ ఫలానా రికార్డింగ్ లేబుల్ దగ్గర ఉంటుంది, దానికి మాస్టర్ లైసెన్స్ కావాలి. వేరేవాళ్లతో మళ్లీ పాడించుకుంటే రెండోది తప్పుతుంది, మొదటిది తప్పదు.

పాత పాటే కదా అనుకోవద్దు. అమెరికా చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి 15కి ముందు వరకు వచ్చిన రికార్డింగులకి 2067 ఫిబ్రవరి 15 దాకా రక్షణ ఉంది. సోల్ స్వర్ణయుగం దాదాపు అంతా ఆ వలలోనే పడింది. మన దగ్గర సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, బాణీకి, సాహిత్యానికి రాసినవారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1974లో కన్నుమూసిన ఘంటసాల కట్టిన బాణీలు 2034 చివరిదాకా చట్టం నీడలోనే ఉంటాయి. రికార్డింగ్ గడువు తీరినా సరే. సాహిత్యం రాసినవారి లెక్క మళ్లీ వేరు. యూట్యూబ్‌లో పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ మీ వీడియో ఎక్కిన నిమిషాల్లోనే పట్టేస్తుంది, సీన్ వెనకాల టీవీలోంచి లీలగా వినబడే పాట అయినా.

ఫెస్టివళ్లకి మాత్రమే పంపే సినిమా అయితే పరిమిత కాలానికి ఫెస్టివల్ లైసెన్స్ అడగండి, మామూలు రేటు కంటే తక్కువకి ఇస్తారు. షూటింగ్‌కి ముందే అడగండి. ఎడిట్ అయ్యాక అడిగితే బేరమాడే బలం మీకు ఉండదు.

డబ్బు లేకపోతే కొత్త పాట చేయించుకోవడమే దారి. దానికి రెండు జాగ్రత్తలు. పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి సీన్ చూపించకండి, కథ కూడా చెప్పకండి. అలిగి వెళ్లిపోయిన మనిషిని వెనక్కి పిలిచే పాట అని మాత్రం చెప్పండి. హత్య సీన్ కోసమని తెలిస్తే గొంతులోకి ఎక్కడో ఒకచోట నాటకం వచ్చేస్తుంది. రెండోది, లైవ్ డ్రమ్ము, లైవ్ బేస్ పెట్టించండి, మిగతావి కీబోర్డ్ మీద సర్దుకోవచ్చు. పాట మొత్తం మూడు నిమిషాలూ చేయించండి, సీన్‌కి నలభై సెకన్లే కావలసినా. హక్కులు ఎవరివో కాగితం మీద రాసుకుని, ఫైనల్ ఫైల్‌తో పాటు స్టెమ్స్ (గొంతు, వాయిద్యాల ట్రాకులు) విడివిడిగా, గొంతు లేని వెర్షన్ ఒకటి తీసుకోండి. డైలాగ్ కింద ఎక్కడో ఒకచోట అది అవసరం పడుతుంది.